పట్టని కుక్కతో ఎర్రమల కొండల్లో

కారు వెనక సీటు దులిపితే నల్లరేగడి మట్టి ఇంకా రాలుతోంది. తిరిగొచ్చి నాలుగు రోజులే అయింది కాబట్టి మరిచిపోకముందే రాసి పెడుతున్నాను.

మా చుక్కకి మూడేళ్ళు. జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ జాతి ఆడకుక్క. తెల్లటి ఒంటి మీద కాఫీ పొడి చల్లినట్టు చుక్కలు, అందుకే ఆ పేరు. ఈ జాతిని తరతరాలుగా వేట కోసం పెంచారు. పొదలో పిట్ట వాసన ముక్కుకి తగలగానే నడక ఆపేయాలి. ముందుకాలు ఒకటి మడిచి, తోక బిగించి, ముక్కు పిట్ట వైపు పెట్టి బొమ్మలా నిలబడిపోవాలి. ఆ తర్వాతి పని తుపాకి పట్టుకున్నవాడిది. హైదరాబాదులో మా మూడో అంతస్తు బాల్కనీలో ఇది పావురాల ముందు అలా నిలబడే పొద్దు పుచ్చుతోంది. ఒక్కసారైనా అసలైన పూరేడు పిట్టలు, అంటే కౌజులు, ఉన్న చోటికి తీసుకుపోవాలని నా కోరిక.

తుపాకి మాట ముందే చెప్పేస్తాను. లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా కొన్నాళ్ళు లైసెన్సు మీద చిన్న వేటలకు వీలుండేది, 1991 సవరణతో అదీ పోయింది. పూరేడు గుప్పిట్లో ఇమిడే పిట్టే, కానీ చట్టం ముందు అదీ వన్యప్రాణే. అందుకని నా సరంజామా అంతా ముప్పై అడుగుల తాడు, బైనాక్యులర్స్, నీళ్ళ క్యాను. కుక్క తాడు మీదే ఉండాలి, ఫారెస్టు హద్దురాళ్ళు దాటకూడదు, ఒకసారి లేచిన గుంపుని మళ్ళీ లేపకూడదు. ఇవి నాకు నేను పెట్టుకున్న షరతులు. చూసి రావడానికే ఇంత దూరమా అని మా ఆవిడ అడిగింది. దారిలో అందరూ అదే అడిగారు.

డిసెంబర్ 27, శుక్రవారం: మామ ఇల్లు

మా మేనమామది జమ్మలమడుగు పక్కన ఒక పల్లె. పేరు రాయడం లేదు. ఎందుకో ఆదివారం దగ్గరికొచ్చేసరికి తెలుస్తుంది. మామకి డెబ్బై నాలుగేళ్ళు. మోకాళ్ళు తప్ప మిగతావన్నీ నా కంటే గట్టిగా ఉన్నాయి.

మేం దిగేసరికి దీపాలు పెట్టే వేళ. మామ చుక్కని ముద్దు చేయలేదు, పిలవలేదు. సంతలో ఎద్దుని చూసినట్టు చుట్టూ తిరిగి చూశాడు. పెదవి పైకెత్తి పళ్ళు చూశాడు. ముక్కు మీద వేలు పెట్టి తడి చూశాడు. చివరికి పాదం తిప్పి కింది మెత్తని నొక్కి పెదవి విరిచాడు.

"ముక్కు మంచిదే అల్లుడా. కాళ్ళే పట్నం కాళ్ళు. పల్లేరుకాయల్లో నాలుగు బారలు నడవదు."

మా తాత దగ్గర ఇలాంటి కుక్క ఉండేదని అమ్మ ఎప్పుడో చెప్పింది కానీ వివరాలు మామ నోటి నుంచే విన్నాను. 1960 ప్రాంతాల సంగతి. తాతకి ఒంటి గొట్టం తుపాకి, మద్రాసు నుంచి తెచ్చుకున్న పాయింటర్. పదేళ్ళ మామ పని సొరకాయ బుర్రలో నీళ్ళు మోయడం. "నీళ్ళు మనుషులకని అనుకుంటాండావేమో. కుక్కకే. దాని ముక్కు ఎండితే ఆ పొద్దుకి వేట అయిపోయినట్టే. మా నాయన దప్పికతో నాలుక పిడచ కట్టినా తాగడు, కుక్కకి పోయమంటాడు."

అత్త గడప దగ్గరే చెప్పేసింది. "కుక్క లోపలికి వద్దు నాయనా. అరుగు మీద గోనెపట్ట పరుస్తా." చుక్క ఏసీ గదిలో పడుకునే కుక్క. నేనేమీ అనలేదు.

రాత్రి రాగి సంగటి, శనగాకు పప్పు, ఊరిమిండి. ఈ నెలల్లో నల్లరేగడి అంతా శనగే. లేత చిగుళ్ళు గిల్లి పప్పులో వేస్తే చింతపండు అక్కర్లేని పులుపు. సంగటి ముద్దలో గుంట చేసి అత్త నెయ్యి పోసింది, వద్దన్నకొద్దీ పోసింది. చుక్క కోసం తెచ్చిన ప్యాకెట్ మేతని అందరూ వాసన చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్త ఒక ముద్ద సంగటి మజ్జిగలో పిసికి చట్టిలో పెట్టింది. మూడు నిమిషాల్లో చట్టి ఖాళీ. ఆ ప్యాకెట్ అలాగే తిరిగొచ్చింది.

డిసెంబర్ 28, శనివారం: శనగ చేలు, సద్దిమూట, ఫారం పిట్ట

ఆరు గంటలకల్లా చేల మీద ఉన్నాం. మామ గట్టు మీద గుప్పెడు దుమ్ము తీసి వదిలాడు. అది ఎటు వాలుతుందో చూసి "దీనికి ఎదురు పో. గాలి వీపు మీద పెట్టుకుని పోతే కుక్క ముక్కూ నీ ముక్కూ ఒకటే" అన్నాడు. మంచుకి తడిసిన నల్లరేగడి చెప్పుకి అంటుకుంటే పది అడుగులకి కాలికి కిలో బరువు. రైతులు తమ చేలో అడుగు పెట్టడానికి ఒప్పుకున్నారు, కానీ ప్రతి ఒక్కరికీ ముందు క్షేమ సమాచారాలు, తర్వాత నా జీతం, ఆ తర్వాత కుక్క ఖరీదు చెప్పుకోవాలి. పావుగంటకి తక్కువలో ఏ చేనూ దాటలేదు.

మొదటి గంటలో చుక్క నాలుగుసార్లు నిలబడింది. మొదటిది నేలపిచ్చుక. రెండోది ఖాళీ. మూడోదీ ఖాళీయే. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే పెద్ద పూరేళ్ళు ఈ శనగ చేలల్లోనే దిగుతాయి. వాటికి రెక్కల కంటే కాళ్ళ మీద నమ్మకం ఎక్కువ. వాసన అక్కడే వదిలి సాళ్ళ వెంట పరిగెత్తి ఎక్కడో తేలతాయి. చుక్క నిలబడ్డ చోటికి ముప్పై గజాల అవతల ఒకటి బుర్రుమని లేచి మోకాలెత్తున ఎగిరి కంది చేలో పడింది. చుక్క దాన్ని చూడనేలేదు, పాత వాసన మీదే భక్తిగా నిలబడి ఉంది.

నాలుగోసారి మాత్రం అద్భుతంగా నిలబడింది. కాలు మడత, తోక నిటారు, ఒళ్ళంతా సన్నటి వణుకు. నేను ఊపిరి బిగబట్టి అడుగులో అడుగు వేసుకుంటూ పోయాను. కంది చెట్టు మొదట్లో తెల్లగుడ్డ మూట. కలుపు తీసే ఒకామె సద్ది. పక్క సాలులోంచి ఆమె లేచి, "ఎండుచేపలు నాయనా, దానిక్కూడా కావాలంట్యా?" అంది. చేలో ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. మామ అయితే గట్టు మీద కూర్చుండిపోయాడు. నిజంగానే మూట విప్పి ఒక ముక్క చుక్కకి పెట్టిందామె. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. అది నేను చేసిన తప్పే. సద్దికి డబ్బు ఇవ్వకూడదని నాకు తెలిసుండాల్సింది.

తొమ్మిదింటికి ఎండెక్కింది, వాసన ఆవిరైంది, చుక్క కుంటడం మొదలుపెట్టింది. ఎడమ ముందు పాదంలో రెండు పల్లేరుకాయలు. మామ నా వైపు చూసి ఊరుకున్నాడు.

జమ్మలమడుగులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఇద్దరికీ కలిపి తొంభై రూపాయలు. బొరుగులు మెత్తబడి కూడా మెతుకు మెతుకు విడిగా ఉండాలి, పైన పుట్నాల పొడి పచ్చిగా తగలాలి. అది కుదిరిన ఉగ్గాని హైదరాబాదులో నాకింకా దొరకలేదు. ఆముదం సీసా, పాత నూలు బట్ట కొన్నాం, చుక్క కాళ్ళకి.

మధ్యాహ్నం రోడ్డు పక్క హోటల్లో "కౌజు పిట్టల వేపుడు" బోర్డు చూసి ఆగాను. ప్లేటు రెండొందల ఇరవై, రెండు పిట్టలు. తెచ్చిన కుర్రాడు చెవిలో చెప్పినట్టు "కొండ పిట్టలన్నా, రాత్రి పట్టినవి" అన్నాడు. మామ ఒక కాలు పట్టుకుని ఎత్తి చూశాడు. "ఏమప్పా, పూరేడు తొడ ఇంతుంటదా? ఇది దాణా తిని అయిదారు వారాల్లో పెరిగిన ఫారం పిట్ట." కుర్రాడు సిగ్గుపడకుండా నవ్వి "అట్ల చెప్తేనే తింటారు పెద్దాయనా" అన్నాడు. మామ మాటే నిజం. హోటళ్ళలో అమ్మేది జపనీస్ క్వెయిల్, రెండొందల గ్రాములకి అటూ ఇటూ తూగుతుంది. కొండ పూరేడు అందులో సగం కూడా ఉండదు. అమ్మేది ఫారం పిట్ట, చెప్పేది నేరం, కొనేవాడికి కావలసింది ఆ నేరం రుచి. నాకు ఆకలి సగం పోయింది. అయినా తిన్నాను, మిరియాలు బాగా పడ్డాయి.

సాయంత్రం కొండ దారి ముందే చూసొద్దామని ఒక్కణ్ణే బయల్దేరి తప్పిపోయాను. మ్యాపులో దారి ఉంది. నేల మీద అది నాపరాళ్ళ గనిలోకి దిగి ఆగిపోయింది. ఎటు చూసినా పలకలు పలకలుగా కోసిన నల్లబండ, మధ్యలో పచ్చటి నీళ్ళ గుంట. వెనక్కి తిప్పుకునేటప్పుడు బండ అంచు తగిలి టైరు పంక్చర్. గని కాపలాదారు స్టెప్నీ మార్చడానికి సాయం చేసి, టీ కూడా ఇచ్చి, "ఈ వారంలో నువ్వు మూడోవాడివన్నా. అందరూ ఫోను చూసుకుంటానే వచ్చి పడతాండారు" అన్నాడు. పంక్చర్‌కి నూట యాభై.

డిసెంబర్ 29, ఆదివారం: కొండ

ఈ రోజు కోసమే మిగతా రోజులన్నీ.

గండికోట దగ్గర పెన్న చీల్చుకుపోయేది ఈ ఎర్రమల కొండల్నే. కోట చూడడానికి సెలవు రోజుల్లో కార్లు బారులు తీరుతాయి. మేం పోయింది ఆ రద్దీకి చాలా దూరంగా, మామ వాళ్ళ బీడు భూమి కొండ అడుగుని తాకే చోటుకి. చుక్క పాదాలకి ఆముదం పట్టించి నూలు బట్ట చుట్టాను. బీడు సగం దాటేసరికి మూడు కాళ్ళ బట్టలు ఊడిపోయాయి, నాలుగోది అదే కొరికి పారేసింది.

నేను పక్కదారిన పై నుంచి దిగుదామన్నాను. మామ ఒప్పుకోలేదు. "పొద్దున కొండగాలి కిందికి దిగుతాది. ఎండెక్కినాక పైకి పోతాది. ఇప్పుడు కింద నుంచి ఎక్కితే గాలి మొహానికి కొడతాది. ఎండ రాతిని తాకేలోపల చూసుకోవాల." వీపుకి చలి, మొహానికి ఇంకా చల్లటి గాలి. మెట్లు మెట్లుగా విరిగిన బండలు, వాటి సందుల్లో బోదగడ్డి, బలుసు, రేగు, కలివి పొదలు. రేగుముల్లు ఒకటి నా ప్యాంటుని మోకాలి నుంచి కింది దాకా చీల్చింది. మామ పంచె ఎగ్గట్టి, కర్ర ఊతంగా, ఆగి ఆగి నా వెనకే వస్తున్నాడు.

చుక్క నడక మారింది. నిన్న చేలో అది ఆటకి వచ్చిన పిల్ల. ఇప్పుడు తల కొంచెం పైకెత్తి, గాలిలో ఏదో దారం కొస దొరికినట్టు, దాన్ని చుట్టుకుంటూ పోతున్నట్టు కదిలింది. ఎడమకి, మళ్ళీ కుడికి, మళ్ళీ ఎడమకి, ప్రతి మలుపూ ముందుదాని కంటే చిన్నది. తర్వాత ఆగింది.

నిన్నటి వణుకు లేదు. తోక కూడా ఊరికే చాచినట్టుంది. తాడు నా చేతిలో వదులైపోయింది. నేను చూస్తే పొద, రాయి, ఎండుటాకులు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. నా గుండె నా చెవిలో కొట్టుకుంటోంది. మామ మెల్లగా వచ్చి భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాను. కర్ర కొసతో కలివి పొద మొదలు చూపించాడు. ఆకులే. ఇంకా ఆకులే. అప్పుడు ఒక ఆకుకి కన్ను కనబడింది.

ఒక కన్ను దొరికాక మిగతావి వాటంతట అవే తేలాయి. ఒకదానికొకటి ఒళ్ళు ఆనించి, తలలు బయటికి పెట్టి గుండ్రంగా కూర్చున్నాయి. ఎర్రమట్టి రంగు, ఎండుగడ్డి రంగు, రాతి రంగు. "రాత్రి పడుకునేది కూడా ఇట్లనే" అని మామ గొణిగాడు. "ఏ పక్క నుంచి నక్క వచ్చినా ఎవరో ఒకరు చూస్తారు." చుక్క ముక్కుకి, వాటికి మధ్య ఆరడుగులు కూడా లేదు. అటు అవి కదలవు, ఇటు ఇది కదలదు. ఎంతసేపని చెప్పను. గడియారం చూసుకోవాలని కూడా తోచలేదు.

కాలు తిమ్మిరెక్కి నేనే కదిలాను. టపాకాయల సరం పేలినట్టు లేచాయి, ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకి. ఒకటి నా చెవి పక్క నుంచే పోయింది. నేను వెల్లకిలా పడ్డాను. అంతసేపూ బొమ్మలా ఉన్న చుక్క సహనం అప్పుడు తెగింది. ఒక్క గెంతు గెంతేసరికి తాడు అరచేతిలో రాసుకుపోయి తోలు లేచింది. లేచిన పిట్టలు ఎనిమిది అని నేను, పదకొండు అని మామ. మా తాత వేట గురించి నేను పెంచుకున్న ఊహలన్నీ అక్కడే సర్దుకోవాల్సి వచ్చింది. "మీ తాత తుపాకి భుజానికి ఎత్తేలోపల అవి పక్క కొండకి పోతాండె. పదిసార్లకి రెండుసార్లు తగిలితే ఆ రాత్రి ఇంట్లో పండగ" అన్నాడు మామ.

బండ మీద కూర్చుని సద్ది విప్పాం. జొన్నరొట్టె, ఎర్రకారం, ఉల్లిగడ్డ. చుక్కకి నీళ్ళు ముందు పోయమని మామ కర్రతో నా క్యాను మీద కొట్టాడు. పోశాను. అర్ధగంట గడిచాక వాలు మీద ఎక్కడో సన్నగా, వణుకుతున్నట్టు ఈల. కాసేపటికి ఇంకోచోటి నుంచి బదులు. చెదిరిన గుంపు ఒకదాన్నొకటి పిలుచుకుంటోంది. మామ పళ్ళ సందుల నాలుక పెట్టి అదే ఈల వేశాడు. లోయలోంచి ఒకటి పలికింది. మామ మళ్ళీ వేయలేదు. "పాపం, ఇటు వచ్చి వెతుక్కుంటాది" అన్నాడు.

అప్పుడే గొర్రెలు తోలుకుంటూ ఒకాయన దిగొచ్చాడు. ఆయన కుక్కలు రెండు చుక్కని చూసి పళ్ళు ఇకిలించాయి, చుక్క నా కాళ్ళ మధ్య దూరింది. ఖరీదు అడిగాడు. పాతికవేలు అన్నాను.

"పాతికవేలా! రెండు పొట్టేళ్ళొస్తాయి కదన్నా. ఏం పట్టిస్తాది?"

"పట్టదు. పిట్ట దగ్గర నిలబడుతుంది."

"నిలబడేదానికి పాతికవేలు" అని ఆయన తనలో తాను అనుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అటు వాలు మీదికి పోవద్దు పెద్దాయనా, ఉచ్చులుండాయి. కుక్క కాలికి తగులుకుంటాది" అన్నాడు.

మామ లేచి సరిగ్గా అటే నడిచాడు. చిన్న రాళ్ళు వరసగా పేర్చి, మధ్యమధ్య జానెడు సందులు వదిలారు. పూరేడు ఎగరదు, రాళ్ళ వెంట నడిచి సందులో దూరుతుంది. ప్రతి సందులో నైలాన్ దారం ఉచ్చు. ఒకదాని దగ్గర ఈకలు మాత్రం ఉన్నాయి. మామ ఆ నొప్పి మోకాళ్ళ మీదే కూర్చుని ఒక్కొక్కటి విప్పడం మొదలుపెట్టాడు. నేను కత్తి ఇస్తే వద్దన్నాడు. ముడి ఎక్కడుందో ఆ వేళ్ళకి చూడకుండానే తెలుసు. ఎలా తెలుసని అడగలేదు. ఆయనే చెప్పాడు. "మేం గుర్రం తోక వెంట్రుకలతో అల్లుతాంటిమి. రెండు వానలకి కుళ్ళిపోతాది. ఇది కుళ్ళదు. వేసినోడు మరిచిపోయినా ఇది మాత్రం పడతానే ఉంటాది."

ఇరవై మూడు. అన్నీ చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఊరి పేరు రాయనన్నది ఇందుకే. పిట్టలు ఎక్కడున్నాయో చదివేవాళ్ళలో ఉచ్చులు వేసేవాళ్ళు కూడా ఉంటారు.

డిసెంబర్ 30, సోమవారం: లంకమల వైపు

చుక్కని ఇంట్లో వదిలి మామా నేనూ బద్వేలు దారి పట్టాం. లంకమల అభయారణ్యం, కుక్కతో పోయే చోటు కాదు. పైగా కలివి కోడి ఉన్న అడవి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ దాని బొమ్మ పట్టుకుని ఊళ్ళలో వేటగాళ్ళని అడుగుతూ తిరిగాడు. రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టి తెచ్చింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. ఆ తర్వాతే, 1988లో, లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

ఈ కథ చెబుతుంటే మామ శ్రద్ధగా విని ఒక్కటే అడిగాడు. "ఆ పిట్ట బతికిందా?" లేదు, కొద్ది రోజులకే చనిపోయింది. మామ జేబు తడుముకుని, కారు అద్దం దించి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఉచ్చులు ఇంకా ఆ జేబులోనే ఉన్నాయి.

కలివి పొదలు చూశాం, కలివి కోడిని చూడలేదు. పగటిపూట అది కనబడేది కాదు, చూస్తామని పోనూ లేదు. దారిలో కారం దోసె బాగుంది, యాభై రూపాయలు. ఎర్రకారం నాలుక మీద బద్వేలు దాటేదాకా ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అరుగు మీద గోనెపట్ట ఖాళీ. చుక్క వంటింట్లో, పొయ్యి పక్కన, అత్త పీట మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. "చలికి వణుకుతాంటే ఏం చేయమంటావు నాయనా" అని అత్త నన్నే కసిరింది. మామ జేబులోంచి నైలాన్ దారాలు తీసి గూట్లో పెట్టాడు. మర్నాడు మేం బయల్దేరేటప్పటికి అవి పెరట్లో చిక్కుడు పందిరికి ఎక్కాయి.

ఇంటికొచ్చాక చుక్కకి స్నానం చేయించి, పాదాలు నాలుగూ వేలు వేలు విప్పి వెతికాను. పల్లేరుకాయలు ఏడు దొరికాయి. ఎనిమిదోది నిన్న రాత్రి సోఫా పక్కన, చీకట్లో, నా కాలికి దొరికింది.